‘ట’ లేని వాక్యం

అక్క ఉండగా ఇది రాయడం కుదరలేదు. పోయిన చలికాలం అక్క పోయింది. ఇప్పుడు రాయొచ్చు.

జరిగింది ఆరేళ్ళ కిందట, ఒక వేసవిలో. నాకప్పుడు యాభై రెండేళ్ళు. పత్రికలో రిపోర్టరుగా చేరి ఇరవై తొమ్మిదేళ్ళు. వాడుకోని సెలవులు డెబ్బై ఏడు రోజులున్నాయనీ, ఆ సంవత్సరం వాడకపోతే రద్దవుతాయనీ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. డెబ్బై ఏడు రోజులకీ ఒకేసారి సెలవు పెట్టాను. దరఖాస్తులో ‘కారణం’ అనే గడిలో ‘సొంత పని’ అని రాశాను.

పని ఏమిటంటే నవల. ఇరవయ్యేళ్ళప్పటి నుంచి రాయాలనుకుంటున్నది. కథ కూడా అప్పట్నుంచీ ఒకటే. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. తొమ్మిది నెలల తర్వాత తిరిగొచ్చాడు. ఎక్కడ ఉన్నాడో, ఏం చేశాడో చెప్పలేదు. అమ్మ అడగలేదు. ఆ తర్వాత ఇరవై మూడేళ్ళు మా మధ్యే తిరిగి, చెప్పకుండానే పోయాడు. అమ్మ అంతకుముందే పోయింది. ఆ తొమ్మిది నెలలే నా నవల.

ఇంట్లో ఉండేది ఇద్దరం, అక్కా నేనూ. తనకొక పెళ్ళి, నాకొక పెళ్ళి అయ్యాయి. రెండూ నిలవలేదు. ఆ సంగతులు ఇందులోకి రావు. అక్క నాకన్నా ఆరేళ్ళు పెద్ద. ముందుగదిలో మిషన్ పెట్టుకుని బడిపిల్లలకి యూనిఫాంలు కుట్టేది. వేసవి వచ్చిందంటే తనకి తల ఎత్తే తీరిక ఉండదు. బడులు తెరిచేలోగా మూడు వందల జతలు కావాలి. నేను వెనక గదిలో బల్ల వేసుకున్నాను. రెండు గదుల మధ్య తలుపు లేదు, కర్టెన్ ఉంది.

"ఏం పనిరా అన్ని రోజులు?" అంది అక్క మొదటి రోజు, మిషన్ ఆపకుండానే.

"పుస్తకం రాస్తున్నా."

"దేని గురించి?"

"నాన్న గురించి."

మిషన్ ఆగింది. మళ్ళీ మొదలైంది. "రాయి," అంది.

నవల అనాల్సింది. ఆ మాట అనడానికి సిగ్గేసింది. యాభై రెండేళ్ళవాడు, నెత్తి మీద సగం జుట్టు పోయినవాడు, నవల రాస్తున్నాను అంటే నవ్వుతుందేమో అనిపించింది. ఉద్యోగంలో ఒక్క మాట అటూ ఇటూ అయితే నిద్ర పట్టేది కాదు నాకు. ఇంట్లో ఆ ఒక్క మాట మార్చి చెప్పాను.

మొదటి వారం నాకు తెలిసిన పద్ధతిలోనే వెళ్ళాను. నోట్‌బుక్కు పట్టుకుని ముందుగదిలో కూర్చున్నాను. అక్క తెల్ల చొక్కాకి కాలరు అతుకుతోంది. నోట్లో గుండుసూదులున్నాయి.

"అక్కా, నాన్న వెళ్ళింది ఏ నెల?"

"బడులు తెరిచిన నెల," అంది సూదుల సందులోంచి.

"తేదీ?"

"రాసుకుంటున్నావా?"

"ఊరికే. గుర్తుకి."

సూదులు ఒక్కొక్కటే తీసి అట్టకి గుచ్చింది. "అయితే నాకేం గుర్తులేదు."

"నీకు పద్నాలుగేళ్ళక్కా అప్పుడు. గుర్తులేకపోవడమేంటి?"

"నీకు ఎనిమిది. నీకేం గుర్తుందో అది రాసుకో."

నాకు గుర్తున్నది ఒక్కటే. తిరిగొచ్చిన రోజు నాన్న గేటు తీసి, చేతి వేళ్ళు చూసుకుని, "తుప్పు పట్టిందే," అన్నాడు. తొమ్మిది నెలల తర్వాత ఇంట్లో అందరికీ కలిపి ఆయన చెప్పింది అదే.

నాన్నది కరెంటాఫీసులో మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం. ఆ ఆఫీసుకి వెళ్ళాను. రికార్డు గుమస్తా అటక మీంచి పాత రిజిస్టరు దించి, తుమ్మి, వేలితో గీత వెంట వెళ్ళి ఆగాడు. తొమ్మిది నెలల సెలవు. కారణం: సొంత పని.

"ఇంకేమైనా ఉందా?" అన్నాను.

"ఇంకేం రాస్తారండీ ఎవరైనా?" అన్నాడు గుమస్తా.

అక్కడితో ఆధారాలు అయిపోయాయి. బల్ల ముందు కూర్చుని పదకొండు పేజీలు రాసి, కామా గారికి ఇచ్చాను.

కామా గారు మా పత్రికలో ముప్పై ఎనిమిదేళ్ళు ప్రూఫులు దిద్ది రిటైరయ్యారు. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగడం ఆయన అలవాటు, పేరు అలా వచ్చింది. సైకిల్ షాపు మీద గదిలో ఒక్కరే ఉండేవారు. చదవడానికి ఏమీ లేకపోతే మందుల డబ్బాలో కాగితం తీసి దిద్దేవారు. ఒక కాగితంలో ‘భోజనానికి మందు రెండు మాత్రలు’ అని పడింది. ‘ముందు’ అని దిద్ది కంపెనీకి పోస్టు చేశారు. వాళ్ళు ధన్యవాదాలు చెబుతూ ఉత్తరం రాశారు. అందులో మూడు తప్పులున్నాయి. ఆ ఉత్తరం నేను చూశాను.

ఆయన దేన్నైనా చివరి పేజీ చివరి వాక్యం నుంచి వెనక్కి చదువుతారు. ముందు నుంచి చదివితే విషయంలో పడిపోతాం, తప్పులు కనపడవు అంటారు. నా పదకొండు పేజీలూ అలాగే చదివారు. ఎర్ర పెన్సిల్‌తో సున్నాలు చుట్టి నా వైపు తిప్పారు.

"నలభై ఒకటి."

"ఏంటండీ?"

"ట. రైలెక్కాడట, ఊరు చేరాడట, గది తీసుకున్నాడట. ట, ట, ట. టైపు మిషన్ పక్కన కూచున్నట్టుందయ్యా."

"నేను చూడలేదు కదండీ."

"పాఠకుడు చూశాడా?"

"లేదు."

"మరి, ఇద్దరూ చూడకపోతే, ఎవరు చూసినట్టు?"

ఆ ‘ట’ వెనక నాకొక చరిత్ర ఉంది. చేరిన మొదటి వారంలో ఒక వార్త రాసి ఇచ్చాను: వంతెన బీట ఇచ్చిందట. అప్పటి చీఫ్ ఆ అక్షరం చుట్టూ గీత గీసి, "ఈ ట ఎవరిది?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "వెళ్ళి తీసి రా," అన్నాడు. వంతెన కిందికి వెళ్ళి బీట చూసి, మూరతో కొలిచి, తిరిగొచ్చి ‘వంతెన బీట ఇచ్చింది’ అని రాశాను. ట తియ్యాలంటే రెండే దారులు. నువ్వు చూడాలి. లేదా చూసినవాడి పేరు రాయాలి. ఇరవై తొమ్మిదేళ్ళు దాని మీదే బతికాను. నా పేరు మీద పత్రికలో ఒక్క సవరణ పడలేదు. ఆ మాట అక్క వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఇదంతా కామా గారికి చెప్పాను.

"రెండే దారులని ఎవరు చెప్పారు? మన పాత చీఫా? ఆయన ఎప్పుడైనా, నవల రాశాడా?"

"లేదు."

"మూడో దారుంది. నువ్వే చూడు."

"ఎలా చూస్తానండీ? నలభై నాలుగేళ్ళయింది."

"కూచుని," అన్నారు కామా గారు.

కూర్చున్నాను. రోజూ ఎనిమిదింటికి బల్ల దగ్గరికి వెళ్ళేవాణ్ణి. నాన్న ఒక గదిలో ఉన్నాడు. గదికి ఒక కిటికీ ఉంది. అంతవరకూ ట లేకుండా రాయగలిగాను. ఆ తర్వాత ఆయన లేచి నిలబడాలి, తలుపు తియ్యాలి, ఎటో వెళ్ళాలి. ఎటు వెళ్ళాడో నాకు తెలీదు. పెన్ను ఆగేది. కర్టెన్‌కి అటుపక్క మిషన్ నడుస్తూ ఉండేది. రోజుకి ఇన్ని చొక్కాలు, ఇన్ని స్కర్టులు. సాయంత్రానికి తన దగ్గర ఒక దొంతర ఉండేది. నా దగ్గర కొట్టేసిన పేజీలుండేవి.

మూడో వారానికి ఫోన్ మోగడం తగ్గింది. అయిదో వారానికి మానేసింది. ఉద్యోగంలో ఉండగా రోజుకి ఎనభై కాల్స్ వచ్చేవి. వాళ్ళు నాకు చేసేవాళ్ళనుకున్నాను, పత్రికకి చేసేవాళ్ళు. ఒక వారం మొత్తం మీద అక్క, కామా గారు కాక నేను మాట్లాడింది ఒక్క మనిషితో, మీటరు చూడ్డానికి వచ్చినతనితో.

"ఎన్ని ఇళ్ళు చూస్తావు రోజుకి?" అన్నాను.

"నూటిరవై సార్."

"ఇళ్ళు గుర్తుంటాయా?"

"మీటర్లు గుర్తుంటాయి. లోపల ఎవరున్నారో మనకెందుకు సార్," అని అంకె రాసుకుని వెళ్ళిపోయాడు. గేటు దాకా అతని వెంట నడిచాను. నడవాల్సిన అవసరం లేదు.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో నా సొరుగులో ఉండిపోయిన నిఘంటువు కోసం వెళ్ళాను. గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ ఉన్నాడు.

"ఎవరు కావాలి సార్?"

"ఎవరూ వద్దు. నేనిక్కడే పనిచేస్తాను."

"కార్డు చూపిస్తారా?"

కార్డు ఇంట్లో ఉంది.

"లోపల ఎవర్నన్నా పిలవమంటారా? ఎవరి కోసమని చెప్పను?"

ఆలోచించాను. ఆ వేళప్పుడు రిపోర్టర్లు ఎవరూ సీట్లో ఉండరు. ఉన్నవాళ్ళలో నా కోసం లేచి గేటు దాకా వచ్చేవాళ్ళెవరో తట్టలేదు. "వద్దులే," అని వచ్చేశాను. ఇరవై తొమ్మిదేళ్ళు వెళ్ళిన గేటు అది.

ఇంటికొచ్చేసరికి ముందుగదిలో ఒక గోడ నుంచి ఇంకో గోడకి తాడు కట్టి ఉంది. దాని మీద హ్యాంగర్లకి తెల్ల చొక్కాలు, నీలం స్కర్టులు. బల్ల దాకా వెళ్ళాలంటే వాటి మధ్యలోంచి వెళ్ళాలి. చొక్కాలు నా భుజాలకి తగిలి, నేను దాటాక మళ్ళీ సర్దుకున్నాయి. వెళ్ళి కూర్చుని ఇలా రాశాను:

ఆ ఊళ్ళో నాలుగింటికి బడి వదిలేవాళ్ళు. పది నిమిషాలు ముందుగా అతను వెళ్ళి రోడ్డుకి అటుపక్క నిలబడేవాడు. తెల్ల చొక్కాలు అతని భుజాలకి తగులుతూ దాటిపోయేవి. నాలుగో రోజున వాచ్‌మన్ రోడ్డు దాటి వచ్చాడు.

"ఎవరు కావాలి?"

"మా అమ్మాయి కోసం."

"ఏ క్లాసు?"

"తొమ్మిది."

తొమ్మిదో తరగతి పిల్లలందరూ వెళ్ళిపోయేదాకా వాచ్‌మన్ అతని పక్కనే నిలబడ్డాడు. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

రాసి పెన్ను కింద పెట్టాను. ఇందులో ఒక్క ముక్కా నాకు ఎవరూ చెప్పలేదు. చొక్కాలు అక్కవి. ప్రశ్న మా ఆఫీసు వాచ్‌మన్‌ది. తొమ్మిదో తరగతి, అక్క ఆ ఏడు చదివిన క్లాసు. నాన్న నోట్లో పెట్టిన జవాబు మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. వార్తలో ఇలా రాసుంటే ఉద్యోగం పోయేది. చదువుకుంటే, నాన్న రోడ్డుకి అటుపక్క నిలబడి ఉన్నాడు. చూశాను.

ఆ తర్వాత పేజీలు వాటంతట అవే వచ్చాయని చెప్పను. రోజుకి ఒకటి, ఒక్కోరోజు రెండు వచ్చాయి. నలభై ఆరయ్యాక జిరాక్స్ తీసి కామా గారికి ఇచ్చాను. నాలుగు రోజులాగి రమ్మన్నారు.

వెళ్ళిన రోజు సెలవులో అరవై మూడోది. మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఆయన మంచం మీద కాగితాలు రెండు దొంతర్లుగా ఉన్నాయి. ఎర్ర పెన్సిల్ చెవి మీద ఉంది.

"చివర్నుంచి మొదలెట్టాను," అన్నారు. "ఇరవై ఎనిమిదో పేజీ దాకా, వచ్చాను వెనక్కి. ఆ వాచ్‌మన్ దగ్గర, ఆగాల్సొచ్చింది."

"తప్పులున్నాయా?"

"ఉంటే ఉండొచ్చు. మొదటి పేజీకి వెళ్ళి, ముందు నుంచి చదివాను."

కిటికీ అవతల వాన మొదలైంది. కింద సైకిల్ షాపువాళ్ళు చక్రాలు లోపలికి లాక్కుంటున్నారు. "పుస్తకాలు వేసే ఆయన ఒకాయన నాకు బాకీ... బాకీ అంటే మాట బాకీ. ఆయనకి ఇస్తాను, పూర్తి చెయ్యి," అన్నారు చివరికి. తడుస్తూ ఇంటికి నడిచాను. ఇరవయ్యేళ్ళవాడు నడిచినట్టు నడిచాను. ఈ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి ఎవరూ లేరు, అక్క తప్ప. అక్కకి ఈసారి నవల అని చెప్పేద్దామనుకున్నాను.

గేటు తీస్తుంటే ఏదో తేడాగా ఉందనిపించింది. మిషన్ చప్పుడు లేదు. బడులు ఇంకో వారంలో తెరుస్తారు. ఆ రోజుల్లో, వెలుతురు ఉండగా, ఆ మిషన్ ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

అక్క ఇస్త్రీ బల్ల ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. పక్కన నా కాగితాలు దొంతరగా ఉన్నాయి.

"వాన జల్లు నీ బల్ల మీదికి కొట్టింది," అంది. "కిటికీ తీసి పెట్టి పోయావు. అన్నీ తడిసిపోయాయి. ఒక్కొక్కటీ ఇస్త్రీ చేశాను. నలభయ్యోది కొంచెం మాడింది."

"ఫర్లేదక్కా."

"నేల మీద చెల్లాచెదరైపోయాయి. వరస పెట్టాలంటే చదవాలి కదా."

నేను పై కాగితం మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది.

"నాన్నని ‘అతను’ అన్నావేంట్రా? పరాయివాణ్ణి అన్నట్టు."

"పుస్తకంలో అలాగే రాస్తారక్కా."

"ఏమో మీ రాతలు." ఇస్త్రీ పెట్టె తీగ తీసి చుట్టడం మొదలుపెట్టింది. చుట్టడం అయ్యాక విప్పి మళ్ళీ చుట్టింది. "నాన్న వెళ్ళిన ఏడు, బడి తెరిచిన కొత్తలో ఒకరోజు నేను జామెట్రీ బాక్సు మర్చిపోయి వెళ్ళాను. నాన్న తెచ్చాడు. ఖాకీ చొక్కా, భుజాన సంచి, చేతిలో ఆ టార్చి. గేటు దగ్గర నిలబడి నన్ను పేరు పెట్టి పిలిచాడు. పక్కనున్న పిల్ల ఎవరే అంది. మీటర్లు చూసే ఆయన, మా వీధికి వస్తాడు అన్నాను."

అక్క ఇస్త్రీ పెట్టెని గోడ వైపు జరిపింది.

"విన్నాడు. బాక్సు వాచ్‌మన్ చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చాక ఏమీ అనలేదు. మూడోరోజు వెళ్ళిపోయాడు." తీగ బల్ల మీద పెట్టింది. "అమ్మకి చెప్పలేదు. నీకూ చెప్పలేదు. వచ్చాక నాన్నని అడగలేదు. ఎలా అడుగుతాను?"

"అందుకే వెళ్ళాడని ఎందుకనుకున్నావక్కా?"

"మరింకెందుకు వెళ్తాడు?"

నేను కాగితాల అంచులు సరిచేశాను.

"నువ్వు ఉన్నదే రాస్తావు. పేపర్లో నీ మీద ఒక్క సవరణ పడలేదు," అంది అక్క. తల ఎత్తి చూసింది. "ఆ ఊళ్ళో వాచ్‌మన్‌తో ఆ మాట అన్నాడని నీకెవరు చెప్పార్రా? అతనే చెప్పాడా? బతికున్నాడా ఇంకా?"

కల్పించానక్కా అనాలి. ఒక్క మాట. గేటు దగ్గర్నుంచి నోట్లో సిద్ధంగా ఉన్న ‘నవల’ అన్నా సరిపోయేది. అక్క చేతులు ఒళ్ళో ఉన్నాయి. కుడిచేతి చూపుడు వేలికి సూది గుచ్చుకోకుండా పెట్టుకునే అంగుస్తానా ఉంది, తియ్యడం మర్చిపోయింది.

"చెప్పినవాళ్ళ పేరు బయటపెట్టకూడదక్కా," అన్నాను. "మా పనిలో అది కుదరదు."

కాసేపు నా మొహం చూసింది. "అవును. మీకది నేరం కదా," అంది. లేచి మిషన్ దగ్గరికి వెళ్ళింది. సూదిలో దారం ఎక్కిస్తూ, నా వైపు తిరక్కుండా, "పేరొద్దు. నమ్మదగ్గ మనిషేనా, అది చెప్పు," అంది.

"ఏమో అక్కా. నాకు తెలిసినవాడే."

మిషన్ మొదలైంది.

రెండు రోజుల తర్వాత కామా గారి దగ్గరికి వెళ్ళి నవల వెయ్యనని చెప్పాను. కారణం చెప్పాను. ఆయన చెవి మీది పెన్సిల్ తీసి, చూసి, మళ్ళీ పెట్టుకున్నారు.

"పుస్తకం వేస్తే మొదటి పేజీ వెనకాల ఒక వాక్యం వేస్తారు కదండీ," అన్నాను. "ఇందులోని పాత్రలు, సంఘటనలు కేవలం కల్పితం అని."

"ఆ వాక్యం నేను, కొన్ని వందలసార్లు దిద్దాను. ఎవరూ చదవరు."

"అక్క చదువుతుంది. సబ్బు పెట్టె మీద రాసింది కూడా చదివే మనిషి."

"తీసేయిద్దాం. నవల అని కూడా, వెయ్యొద్దు."

"అప్పుడది వార్త అవుతుంది. నేను అబద్ధపు వార్త రాసినవాణ్ణవుతాను."

ఆయన చాలాసేపు కిటికీ వైపు చూశారు. అంత పొడవైన కామా ఆయన దగ్గర నేనెప్పుడూ చూడలేదు.

"పన్నెండో పేజీలో, ఒక దీర్ఘం పోయింది," అన్నారు చివరికి. "వేసినా, వెయ్యకపోయినా, అది దిద్దుకో."

ఆ సాయంత్రమే పిన్ని ఫోన్ చేసింది. మా అమ్మ చెల్లెలు, ఎనభై ఏళ్ళ మనిషి, నాన్న మాటెత్తితే అప్పటికీ తిట్టేది. నేను వెనక గదిలో దీర్ఘం దిద్దుతున్నాను. అక్క గొంతు కర్టెన్‌లోంచి వినపడింది.

"ఊరికే తిట్టకు పిన్నీ. అక్కడ రోజూ ఒక బడి దగ్గరికి వెళ్ళి నిలబడేవాడట. మా అమ్మాయి కోసం అనేవాడట... ఎవరు చెప్పారో చెప్పకూడదు. తమ్ముడు కనుక్కున్నాడు. వాడికి తెలిసిన మనిషేనట."

మూడు ట లు లెక్కపెట్టాను. అక్క కూడా అక్షరం జారనిచ్చే మనిషి కాదు.

రాతప్రతి అట్టపెట్టెలో పెట్టి, పెట్టె అటక మీద పెట్టాను. మిగిలిన రోజుల్లో ఏమీ రాయలేదు. పొద్దున్నే లేచి బల్ల ముందు కూర్చునేవాణ్ణి, అలవాటు కొద్దీ. నాన్న ఉన్న గది, ఆ కిటికీ, ఆ రోడ్డు నాకు తెలిసిన చోట్లయిపోయాయి. వాటి గురించి మాట్లాడటానికి మనిషి లేడు. అక్కతో మాట్లాడితే అబద్ధం పెరుగుతుంది. కామా గారితో మాట్లాడితే ఆయన పూర్తి చెయ్యమంటారు. కర్టెన్‌కి ఇటు నేను, అటు అక్క. అక్క అప్పుడప్పుడూ పాడుకునేది. ఆ ఇంట్లో అది నేను కొత్తగా విన్నాను.

సెలవు ఆఖరి రోజున, బడులు తెరిచి వారమైంది, ఆలస్యంగా ఒక అమ్మాయి కొలతలివ్వడానికి వచ్చింది. పద్నాలుగేళ్ళుంటాయి. వాన పడుతోంది. గేటు బయట ఒకతను గొడుగు వేసుకుని నిలబడ్డాడు.

"ఎవరే అది, మీ నాన్నా?" అంది అక్క టేపు తీస్తూ.

"ఆఁ."

"లోపలికి రమ్మనవే, తడుస్తున్నాడు."

"వద్దాంటీ. అక్కడే ఉంటాడు. నేనే ఉండమన్నాను."

అక్క భుజం కొలిచింది. అంకె చీటీ మీద రాసుకుంది. చెయ్యి కొలిచింది.

"మా నాన్న కూడా అంతే," అంది. "రోజూ నాలుగింటికి బడి గేటు దగ్గర నిలబడేవాడు. రోడ్డుకి అటుపక్క. ఎవరి కోసమయ్యా అంటే మా అమ్మాయి కోసం అనేవాడు. వాన పడితే గొడుగు పట్టుకుని నిలబడేవాడు. ఒక ఊచ విరిగిపోయింది దానికి, ఆ పక్క భుజం ఎప్పుడూ తడిసే ఉండేది. తిన్నగా నిలబడు, నడుం చూడాలి."

"గేటు దాకా రావద్దని తిట్టేవారా మీరు?"

"నేనా? దేనికి? వెళ్ళి పిలుచుకురా పో. కాళ్ళు తడిసిపోతున్నాయి పాపం."

అమ్మాయి ఒక్క క్షణం నిలబడి, వాకిట్లోకి వెళ్ళి పిలిచింది.

నేను కర్టెన్ ఇవతల ఉన్నాను. అక్క చెప్పినదాంట్లో ఒక్క ట లేదు. నేను రాసిన నలభై ఆరు పేజీల్లో వాన లేదు. నాన్న వెళ్ళింది బడులు తెరిచిన నెలలో. రోజూ రోడ్డు మీద నిలబడే మనిషికి గొడుగు ఉండి తీరాలి. అది నాకు తట్టలేదు. లోపలికొచ్చినతను మడిచి గోడకి ఆనించిన గొడుగు చూశాను. ఊచలు ఎనిమిదీ బాగానే ఉన్నాయి. మా ఇంట్లో ఊచ విరిగిన గొడుగు ఎప్పుడూ లేదు.

అటక మీంచి పెట్టె దించి, ఇరవై ఎనిమిదో పేజీ తీసి, అంచులో ఆ గొడుగు రాసుకున్నాను. ఎవరు చెప్పారని అక్కని అడగలేదు.